బీమా నిఘాకు కావలి ఎవరు?

హుస్నాబాదు డివిజనులో పట్టాదారు పాసుపుస్తకము గల రైతు 59 ఏండ్లు దాటకముందే కన్నుమూసినచో, వ్యవసాయ విస్తరణాధికారి ఆ యింటికి పోయి మరణ ధ్రువీకరణ పత్రము, నామినీ ఆధారు కార్డు, బ్యాంకు పాసుపుస్తకము నకళ్లు తీసికొని వివరములు నమోదు చేయును. 2018 ఆగస్టు 15న ఆరంభమైన రైతుబీమా పథకము క్రింద జీవిత బీమా సంస్థ 5 లక్షల రూపాయలను పది దినములలో నామినీ ఖాతాకు జమ కట్టవలెనన్నది నియమము. పాము కరచెనా, గుండె ఆగెనా, కాలేయము చెడెనా యని ఆ పథకము ప్రశ్నింపదు. గుంటెడు భూమి పేరున నున్నను చాలును. అదే రైతు, బ్యాంకులో అప్పు తీసికొనునాడు మేనేజరు మాట కాదనలేకయో, ఏజెంటుగా నున్న చుట్టము మాట తీసివేయలేకయో మరియొక పాలసీ కట్టి, రెండేండ్లు తిరుగకముందే మరణించినచో, అదే యింటికి, అదే అరుగు మీదికి వేరొక మనుష్యుడు వచ్చును. మరణము ఒక్కటే, దుఃఖము ఒక్కటే, విధవరాలు ఒక్కతే. కాని మొదటి ఒప్పందము ఆమెను నామినీగా చూచినది, రెండవది ఆమెను అనుమానితురాలిగా చూచుచున్నది.

ఈ మనుష్యుని రాక హుస్నాబాదు, అక్కన్నపేట, కోహెడ మండలముల పల్లెలలో ఇంచుమించుగా ఒకే తీరున నుండును. ఆయన కంపెనీ ఉద్యోగి కాడు. కంపెనీ విచారణ పని అప్పగించిన ఏజెన్సీ మనిషి. మోటారుసైకిలు దిగి మొదట చనిపోయినవాని యింటికి పోడు, కిరాణా కొట్టు వద్దనో, చాయ్ హోటలు వద్దనో నిలిచి, అంగీ జేబులో సెల్‌ఫోనును కెమెరా కన్ను బయటికి కనబడునట్లు నిలిపి, "అన్నా, ఆయన మంచిగనే ఉండెనా? ఎప్పటిసంది షుగరు ఉండె? మందు తాగుతుండెనా?" అని పలకరింపు వలె మొదలుపెట్టును. ఆపైన మందుల షాపు, ఆపైన ఆర్‌ఎంపీ డాక్టరు, ఆపైన ఆశా కార్యకర్త. చివరకు ఇల్లు. దశదినకర్మ యైనను కాకముందే, గోడకు ఆనుకొని కూర్చున్న భార్య ముందు కాగితము పెట్టి, "అమ్మా, పైసలు జల్ది రావాలంటే ఈడ సంతకం పెట్టు, మిగతది నేను రాసుకుంట" అనును. "ఏం రాస్తవు సారూ?" అని ఆమె అడిగినచో, "ఏం లేదమ్మా, నువ్వు చెప్పిందే" అని బదులు వచ్చును. ఆమె వేలిముద్ర పడును. నెలలు గడచిన పిదప ఆంగ్లములో ఒక ఉత్తరము వచ్చును: మృతుడు పాలసీ తీసికొనుటకు పూర్వమే రోగగ్రస్తుడై యుండి ఆ సంగతి దాచెను గావున క్లెయిము తిరస్కరింపబడినది. ఆ ఉత్తరమును చదివించుకొనుటకు ఆమె మరల ఎవరినో ఒకరిని వెదకుకొనవలెను.

ప్రతి విచారణయు ఇట్లే జరుగునని నేననుట లేదు. ఇట్లు జరుగుటకు అడ్డుగా నిలిచిన నియమము ఒక్కటియు లేదనుటయే నా ఫిర్యాదు.

విచారణ యనునదే అక్రమమని వాదించువారితో నేను ఏకీభవింపజాలను. జీవిత బీమాలో కొనువానికి తన దేహస్థితి తెలియును, అమ్మువానికి తెలియదు. కనుకనే సత్యమును దాచకుండ చెప్పవలెనన్న బాధ్యత కొనువానిపై పడినది. 1925లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిననాడును, 1956 సెప్టెంబరు 1న దేశములోని 245 బీమా సంస్థలు ఏకమై జీవిత బీమా సంస్థ ఏర్పడిననాడును ఈ సూత్రమే ఆధారము. ఒకని మోసమునకు చెల్లించు మూల్యము వేయిమంది కట్టిన ప్రీమియములోనుండియే పోవును. మన రాష్ట్రములోనే ఇందుకు ఘోరమైన నిదర్శనములు గలవు. 2021లో నల్లగొండ జిల్లా దామరచర్ల ప్రాంతమున, రోగులను, త్రాగుడుకు బానిసలైనవారిని ఎంచి, వారి పేర పాలసీలు కట్టించి, చంపి, రోడ్డు ప్రమాదములుగా చిత్రించిన ముఠా బయటపడినది. 2023 జనవరిలో మెదకు జిల్లా టేక్మాల్ మండలము వెంకటాపూర్ శివారున కాలిపోయిన కారులో దొరికిన శవము సచివాలయోద్యోగిదని అందరును నమ్మిరి. కాని 7 కోట్లకు పైబడిన బీమా సొమ్ము కొరకు ఆతడే వేరొక నిరపరాధిని చంపి తాను అజ్ఞాతములోనికి పోయెనని పోలీసులు తేల్చి, అతనిని పూనాలో పట్టుకొనిరి.

ఈ రెండు కథలలోను గమనింపదగిన విషయము ఒకటి గలదు. సత్యమును వెలికి తీసినవారు పోలీసులు. వారికి తనిఖీ చేయు అధికారము, ఫోను వివరములు కోరు అధికారము, అరెస్టు చేయు అధికారము చట్టము ఇచ్చినది. ఆ అధికారమునకు న్యాయస్థానము ఎదుట జవాబుదారీయు అంటగట్టినది. రహస్యముగా గమనింపనక్కరలేకుండనే మోసము బయటపడిన ఉదాహరణము సయితము రైతుబీమాలోనే యున్నది: వికారాబాదు జిల్లా కుల్కచర్ల మండలములో బ్రతికియున్న మహిళను చనిపోయినట్లు కాగితములు సృష్టించి సొమ్ము కాజేసిన వైనము, తనకు రైతుబంధు డబ్బు రాలేదేమని ఆమె అడుగుటతో వెల్లడియైనది. రికార్డులు ఒకదానితో ఒకటి సరిచూచుకొన్నంతనే తేలిపోవు మోసమునకు, ఊరి వాడకట్టులో గూఢచర్యము అవసరము లేదు.

అయినను ప్రైవేటు నిఘా దినదినాభివృద్ధి చెందుచున్నది. దాని పద్ధతులును మారుచున్నవి. ఆసుపత్రి బీమాలో రోగి మంచము మీద నుండగనే విచారకుడు వచ్చి ఫొటో తీసికొనును, కేసుషీటు నకలు అడుగును, నర్సులను ప్రశ్నించును. రోడ్డు ప్రమాదపు క్లెయిములలో ఎఫ్‌ఐఆర్ ఎన్ని దినములకు నమోదైనది, దెబ్బ ఎట్లు తగిలెనని ఆసుపత్రి రిజిస్టరులో మొదట వ్రాసినది ఏమి, పెట్రోలు బంకు సీసీ కెమెరాలో ఏ బండి కనబడినది యని తరచి చూచెదరు. ఇవి సహేతుకమైన ప్రశ్నలే. హుస్నాబాదులో దెబ్బతిన్నవానిని కరీంనగరమునకో, హనుమకొండకో, సిద్దిపేటకో హడావిడిగా తరలించు తొందరలో మొదటి ఆసుపత్రిలో ఎవరో ఏదో చెప్పి వ్రాయించుటయు, ఆ ఒక్క పంక్తియే తరువాత కుటుంబము మెడకు ఉరియగుటయు సయితము అంతే వాస్తవము. దీనికి తోడు ఫేసుబుక్కులో పెట్టిన పెండ్లి ఫొటోలు, వాట్సాపు స్టేటసులు, ఎవరికిని తెలియకుండ తీసిన వీడియోలు సాక్ష్యములై నిలుచుచున్నవి. నడుము విరిగి పని చేయలేనని చెప్పినవాడు పత్తి సంచిని బండి మీదికి ఎత్తుచుండగా దూరమునుండి వీడియో తీసినచో, చూచువారికి అది మోసముగానే తోచును. ఆ సంచి ఎత్తిన తరువాత ఆతడు ఎన్ని దినములు మంచము పట్టెనో, ఎత్తకున్నచో ఆ యేటి పంటను ఎవరు ఇంటికి తెచ్చెడివారో ఆ వీడియోలో కనబడదు. నెలలో ఒక్క మంచి దినమును పట్టుకొనుటయే ఈ రహస్య చిత్రీకరణ బలము. దాని అబద్ధమును అక్కడనే యున్నది.

వీటన్నిటికంటె నిశ్శబ్దమైనది సమాచార నిధుల ద్వారా జరుగు గమనిక. బీమా నియంత్రణ సంస్థ ప్రోద్బలముతో 2009లో ఏర్పడిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో మన హైదరాబాదులోనే యున్నది. దేశములోని పాలసీల, క్లెయిముల వివరములు అచ్చట పోగగును. ఒకే వ్యక్తి ఎన్ని కంపెనీలలో పాలసీలు తీసికొనెను, ఒకే ఆసుపత్రినుండి ఒకే తీరు బిల్లులు ఎన్ని వచ్చెను, ఒకే ఫోను నంబరు ఎందరి దరఖాస్తులలో నున్నది యని కంప్యూటరు క్షణములో చెప్పును. దామరచర్ల వంటి ముఠాలను పట్టుటకు ఇంతకంటె మేలైన సాధనము లేదు. నేను దీనిని స్వాగతించుచున్నాను. కాని యంత్రము చెప్పిన పోలికను సాక్ష్యముగా భావించుట వేరు. 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్చిన ఒక వ్యాజ్యములో, మృతుడు ఇతర కంపెనీలలోని పాలసీల సంగతి దాచెనని బీమా సంస్థ వాదించి, అందుకు ఆధారముగా ఒక పట్టికను చూపెను; పట్టిక సాక్ష్యము కాదనియు, దాచెనని నిరూపించు భారము సంస్థదేననియు న్యాయస్థానము చెప్పి కుటుంబమునకు సొమ్ము చెల్లింపుమనెను. ఆ మరణము 2011 నాటిది. తీర్పు న్యాయమైనదే, కాని పదమూడేండ్లు న్యాయస్థానముల చుట్టు తిరుగగల శక్తి ఎందరికి గలదు?

ఫోను కాల్ జాబితాల సంగతి మరింత తీవ్రమైనది. అధికారము గల దర్యాప్తు సంస్థ లిఖితపూర్వకముగా కోరినగాని అవి ఎవరికిని ఈయరాదు. అట్లయ్యును 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు అక్రమముగా కాల్ జాబితాలను కొని అమ్ముచున్న ప్రైవేటు డిటెక్టివులను అరెస్టు చేసిరి. అట్టి సంత ఒకటి యున్నదని ఆనాడే తేలిపోయినది.

హుస్నాబాదు ప్రాంతమునకు నిఘా యను మాట కొత్తది కాదు. 1980, 1990 దశకములలో పీపుల్స్‌వార్ ఉద్యమము వేళ్లూనిన ఈ మెట్టసీమలో, పగలు పోలీసులకును రాత్రి దళములకును సమాధానము చెప్పుకొనుచు బ్రతికిన తరము నేటికిని సజీవముగా నున్నది. కొత్తవాడు వచ్చి ఇరుగుపొరుగును గురించి ప్రశ్నించుటయే భయహేతువైన కాలమది. ఇన్ఫార్మరన్న ముద్ర పడినవాని ప్రాణమునకు భరోసా లేని కాలమది. ఆ తరమువారు నేడు బీమా విచారకుడు అడిగినదానికి తల అడ్డముగా నూపి "మాకేం ఎరుక లేదు" అనుటలో అసహజము లేదు. నివేదికలో మాత్రము అది 'గ్రామస్థులు సహకరింపలేదు' అని పడును, దాచవలసినది ఏదో యున్నదని చదువువారికి తోచును. ఊరి మౌనమును చదువుటకు ఆ ఊరి చరిత్ర తెలియవలెను. పూటకు నాలుగు ఊర్లు తిరిగి నివేదికకింత యని రొక్కము తీసికొను మనిషికి దానిని తెలిసికొను తీరిక యెక్కడిది? వచ్చినవాడు వెళ్లిపోవును, ఆయన పలికించిన మాట మాత్రము వాడకట్టులో నిలిచిపోవును. "మీ ఆయనకు రోగముండెనని చెప్పింది ఫలానా ఆమె" అన్న వైరము ఏండ్ల తరబడి సాగును.

ఇక చట్టమేమనుచున్నది? 1938 నాటి బీమా చట్టములోని 45వ విభాగము 2015 సవరణ పిదప స్పష్టముగా చెప్పుచున్నది: పాలసీ మొదలై మూడేండ్లు నిండిన తరువాత ఏ కారణము చేతను దానిని ప్రశ్నింపరాదు. ఈ మూడేండ్ల గడువే విచారణలకు మూలము. ఆలోపున జరిగిన మరణమును కంపెనీలు ఎర్లీ క్లెయిము అనును. ప్రీమియము కట్టలేక ఆగిపోయిన పాలసీని తిరిగి పునరుద్ధరించినచో ఆ మూడేండ్లు మరల మొదటినుండి లెక్కకు వచ్చునన్న సంగతి పల్లెలో ఎవరును చెప్పరు. వానలు లేని యేడు కిస్తు తప్పి, మరుసటి యేడు పంట వచ్చినపుడు కట్టు రైతుకు ఇది ప్రాణప్రదమైన విషయము. ఇదే చట్టము కాలిపోయిన దుకాణమునకో, నుజ్జయిన లారీకో నష్టము లెక్కగట్టు సర్వేయరునకు లైసెన్సు, అర్హత, ప్రవర్తనా నియమావళి విధించినది. తప్పు చేసినచో లైసెన్సు పోవును. ఒక లారీని చూచి లెక్క వ్రాయువానికి ఇన్ని కట్టుబాట్లుండగా, ఒక మనిషి రోగమును, త్రాగుడును, కాపురమును, మరణమును తరచి చూచి వ్రాయు విచారకునికి లైసెన్సు లేదు, పరీక్ష లేదు, నియమావళి లేదు. కాపలాదారులను సమకూర్చు ఏజెన్సీలకు 2005లో చట్టము వచ్చినది. డిటెక్టివు ఏజెన్సీలను నియంత్రించుటకు 2007లో రాజ్యసభ ముందుకు వచ్చిన బిల్లు మాత్రము చట్టము కాలేదు. నా దృష్టిలో ఇంతటి అన్యాయము వేరొకటి లేదు.

వ్యక్తి గోప్యతను మన న్యాయస్థానములు ఎన్నడో గుర్తించినవి. అనుమానితుని యింటికి పోలీసులు రాత్రివేళ పోయి తలుపు తట్టుట చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పెను. మన ఉమ్మడి రాష్ట్రమునకే గర్వకారణము కాదగిన తీర్పు ఒకటి 2004లో వచ్చినది: స్టాంపు సుంకపు చట్టమునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1986లో చేసిన సవరణ, బ్యాంకులో ఖాతాదారుల పత్రములను అధికారులెవరైనను తనిఖీ చేయవచ్చుననగా, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును నడచిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసి, గోప్యత మనిషికి సంబంధించినదే గాని స్థలమునకు సంబంధించినది కాదనియు, తన కాగితము పరాయి చేతిలో నున్నంత మాత్రమున దానిపై హక్కు పోదనియు నిర్ణయించెను. ఆసుపత్రి కేసుషీటుకు ఈ న్యాయము వర్తింపదని ఎవరనగలరు? 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకకంఠముగా చెప్పిరి. తదనుగుణముగా వచ్చిన 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మాత్రము, చట్టబద్ధమైన హక్కును నిలుపుకొనుటకును, నేరమును కనిపెట్టుటకును సమాచారము వాడునప్పుడు, తెలియజేయుట, చూపుట మొదలగు బాధ్యతలనుండి చాలవరకు మినహాయింపు నిచ్చినది. రక్షణ అత్యవసరమైనచోటనే అది సన్నగిల్లినది. పాలసీ దరఖాస్తులో వైద్యులనుండి వివరములు సేకరించుటకు సమ్మతించుచున్నానని అచ్చయిన వాక్యము క్రింద చేసిన సంతకమే సర్వానుమతి యని కంపెనీలు వాదించును. ఆ దరఖాస్తు ఆంగ్లములోనిది. దానిలోని ఆరోగ్య ప్రశ్నలకు ఏజెంటే కూర్చుండి వరుసగా 'లేదు' అని గుర్తు పెట్టెను. కొనువాడు చివర సంతకము మాత్రము చేసెను.

ఇక్కడనే అసలు రోగము బయటపడుచున్నది. పాలసీ అమ్మునాడు అడుగవలసిన ప్రశ్నలు, చేయవలసిన వైద్య పరీక్ష, తెలిసికొనవలసిన వయస్సు, ఆదాయము ఏవియు తెలిసికొనక, కమీషను కొరకును లక్ష్యముల కొరకును తొందరపడి అమ్మివేసి, ప్రీమియము చేతబట్టి, మరణించిన వెనుక ఆ ప్రశ్నలన్నియు విధవరాలిని అడుగుట ధర్మము కాదు. బ్రతికియున్నప్పుడు రెండు వందల రూపాయల రక్త పరీక్షతో తేలెడి చక్కెర వ్యాధిని, చనిపోయిన పిదప ఊరి ఆర్‌ఎంపీ జ్ఞాపకము మీద నిరూపింపజూచుట ఎంత అసంగతము! ఆయన వద్ద రిజిస్టరు ఉండదు. ఏ తేదీన ఏ మందు ఇచ్చెనో వ్రాసియుండదు. తెల్లకాగితము మీద "అయిదేండ్లుగా షుగరు" అని వ్రాసి యిచ్చుట తప్ప. రైతుబీమా ప్రశ్నలు లేకుండ నడచుచున్నదన్నచో, అందరును చేరు సామూహిక బీమాలో ఒక్కొక్కని దేహస్థితి లెక్కకు రాదు గనుక. ప్రభుత్వము ప్రీమియము కట్టుచున్నది గనుక. కౌలురైతును, కూలీని అది విడిచివేసినది, అది దాని లోపము. వ్యక్తిగత పాలసీ అట్లు నడువలేదని నేను ఎరుగుదును. కాని అనుమానమును ఒప్పందము ఆరంభమునకు తీసికొనిపోయినచో, అంతమున నిఘాకు పని తగ్గును.

యూరపు ఖండములో ఈ తగవు న్యాయస్థానములకును, ఓటుపెట్టెలకును ఎక్కినది. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయముపై నష్టపరిహారము కోరిన మహిళ యింటిలోనికి, బీమా సంస్థ పంపిన మనిషి మార్కెటు సర్వే చేయుదానినని చెప్పి ప్రవేశించి, రహస్య కెమెరాతో ఆమెను చిత్రించెను. 2003లో అప్పీలు న్యాయస్థానము ఆ చిత్రమును సాక్ష్యముగా అంగీకరించుచునే, చేసిన పని తప్పని చెప్పి ఖర్చుల భారమును ఆ పక్షముపై మోపెను. స్విట్జర్లాండులో మోటారుసైకిలు ఢీకొని గాయపడిన ఒక స్త్రీని బీమా సంస్థ నియోగించిన డిటెక్టివులు 2006లో 23 దినముల వ్యవధిలో నాలుగు దినములు వెంబడించి చిత్రించిరి. యూరపు మానవహక్కుల న్యాయస్థానము 2016 అక్టోబరు 18న, దీనికి స్పష్టమైన చట్టాధారము లేదు గనుక ఇది హక్కుల ఉల్లంఘన యని తీర్పు చెప్పెను. అంతట స్విట్జర్లాండు నిఘాను మానుకొనలేదు; దానిని చట్టములోనికి తెచ్చి, 2018 నవంబరు 25న ప్రజాభిప్రాయమునకు పెట్టెను; ఇంచుమించు 65 శాతము ఓటర్లు ఆమోదించిరి. ఆ చట్టము ప్రకారము గమనించు దినములకు పరిమితి గలదు, జీపీఎస్ వాడవలెనన్నచో న్యాయమూర్తి అనుమతి కావలెను, విచారకునికి లైసెన్సు కావలెను, పని ముగిసిన పిదప గమనింపబడిన వ్యక్తికి ఆ సంగతి తెలియజేయవలెను. ఆ ప్రజలు నిఘాకు సమ్మతించిరి. కాని చీకటిలో కాదు. మన దేశమునకు ఈ దారి అందనిది కాదు.

మన నియంత్రణ సంస్థ ఏమియు చేయలేదనుట సత్యము కాదు. మోసముల నిఘా వ్యవస్థను ప్రతి బీమా కంపెనీయు ఏర్పరచుకొనవలెనని 2013 జనవరిలోనే ఆదేశించినది. విచారణ అవసరమైన మరణ క్లెయిములను 45 దినములలో తేల్చవలెనని 2024లో గడువు కుదించినది. ఆరోగ్య బీమాలో అయిదేండ్లు నిరంతరముగా కట్టిన పాలసీని, మోసము నిరూపితమైనగాని, ప్రశ్నింపరాదన్నది. గడువు పెట్టినవారు, ఆ గడువులోపల ఆ మనిషి ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో చెప్పలేదు. చెప్పవలసినది పెద్ద సంగతి కాదు: విచారకుడు తన పేరు, తన ఏజెన్సీ పేరు, తనను పంపిన కంపెనీ పేరు చెప్పక ఎవరినీ ప్రశ్నింపరాదు, రాయని కాగితము మీద సంతకము తీసికొన్నచో ఆ కాగితము చెల్లదు, వాంగ్మూలము తెలుగులో వ్రాసి చదివి వినిపింపవలెను, కర్మలు ముగియువరకు యింటి గడప త్రొక్కరాదు, క్లెయిము తిరస్కరించినచో, తిరస్కరణకు ఆధారమైన నివేదికను, ఫొటోలను, వీడియోలను పూర్తిగా నామినీకి ఈయవలెను. ఈ చివరిదానిని నేను అన్నిటికంటె ముఖ్యమని భావించుచున్నాను. ఏ సాక్ష్యముతో తనను మోసగత్తెగా నిర్ణయించిరో తెలియని స్త్రీ ఆ నిర్ణయమునకు ఏమని బదులు చెప్పగలదు? నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయము హైదరాబాదులో నున్నది. హుస్నాబాదు శాసనసభ్యుడు రాష్ట్ర మంత్రివర్గములో నున్నారు. ఈ విషయమును ఢిల్లీ దాక మోయుటకు మనవారికి దారి దూరమేమియు కాదు.

అంతవరకు ప్రతి కుటుంబమును తనను తాను కాపాడుకొనవలసియున్నది. విచారకుడు వచ్చినపుడు గుర్తింపుకార్డు అడుగుడు. ఆయనను ఫొటో తీసికొనుడు. ఖాళీ కాగితము మీద సంతకము గాని, వేలిముద్ర గాని పెట్టకుడు. చదువు వచ్చిన పొరుగువానినో, పంచాయతీ కార్యదర్శినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని వాంగ్మూలము ఇండు. దాని నకలు అక్కడికక్కడే ఫోనులో తీసికొనుడు. క్లెయిము తిరస్కరింపబడినచో కారణములను, ఆధారములను లిఖితపూర్వకముగా కోరుడు. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల దాటినను సమాధానము రాకున్నచో, లేక వచ్చిన సమాధానము సరిగా లేకున్నచో, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మనునకు వ్రాయుడు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల వరకు ఆయన తీర్పు చెప్పగలరు, ఆ తీర్పునకు కంపెనీ కట్టుబడవలెను. వినియోగదారుల కమిషనునకు పోదలచినచో, 2019 చట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాలోనే వ్యాజ్యము వేయవచ్చును. తిరస్కరణ ఉత్తరమును, అది వచ్చిన కవరుతో సహా భద్రపరచుకొనుడు: అంబుడ్స్‌మనునకు ఫిర్యాదు చేయుటకు ఏడాది గడువు మాత్రమే గలదు.